ఆడువారి గుండె ఆగినపుడు

పంతొమ్మిదవ శతాబ్ది చివరి భాగమున పారిస్ నగరములో సేన్ నదినుండి ఒక యువతి శవమును వెలికి తీసిరని ఒక కథ ప్రచారములో నున్నది. ఆమె ఎవరో, ఏ ఊరిదో తెలియలేదు. ఆనవాలు పట్టువారు వత్తురేమోయని, ఆనాటి ఆచారము ననుసరించి, ఆ శవమును శవాగారములో నలుగురు చూచునట్లు ఉంచిరట. ఎవరును రాలేదు. ఆ ముఖముపై నిలిచిన చిరునవ్వుకు ముగ్ధుడై అచటి ఉద్యోగి యొకడు ప్లాస్టరుతో దాని అచ్చు తీయించెనట. ఆ అచ్చు ప్రతులు యూరపులో ఎన్నో ఇండ్ల గోడల కెక్కినవి. నీట మునిగిన ముఖము అంత ప్రశాంతముగా నుండుట అసంభవమనియు, అది బ్రతికియున్న బాలిక ముఖమే కావలెననియు వాదించువారు కలరు. కథ నిజమైనను కాకున్నను ముఖము మాత్రము నిజము. నేటికిని ప్రపంచములో లక్షలమంది విద్యార్థులు ఆ ముఖముపైకి వంగి, ఆ పెదవుల ద్వారా ఊపిరి ఊదుట నేర్చుకొనుచున్నారు.

అది ఎట్లు జరిగినదనగా, నార్వే దేశమున స్టావాంగర్ పట్టణములో ఆస్మండ్ లేర్డాల్ అను బొమ్మల వ్యాపారి యుండెను. మెత్తని ప్లాస్టికుతో పిల్లల బొమ్మలు చేయుటలో ఆయనది అందెవేసిన చేయి. ఆయన చిన్న కుమారుడు ఒకమారు నీటిలో పడి కదలిక లేక తేలుచుండగా తండ్రియే బయటకు లాగి, గొంతులోని నీటిని వెడలగొట్టి బ్రతికించుకొనెను. కొలది సంవత్సరములకు, అమెరికాలో పీటర్ సాఫర్ అను వైద్యుడు నోటితో ఊపిరి ఊదు పద్ధతిని నిరూపించి ప్రచారము చేయుచున్న కాలమున, దానిని నేర్పుటకు నిలువెత్తు బొమ్మ యొకటి కావలెనని వైద్యులు లేర్డాల్‌ను కోరిరి. 1960లో బొమ్మ సిద్ధమైనది. దానికి ఆనీ యని పేరు. బొమ్మకు ముఖము కావలసి వచ్చినపుడు, బంధువుల ఇంటి గోడపై తాను చూచిన ఆ అజ్ఞాత యువతి ముఖమే ఆయనకు గుర్తు వచ్చినది. మగబొమ్మ పెదవులకు నోరు చేర్చుటకు మగవారు సంకోచింతురని తలచియే ఆయన స్త్రీ ముఖమును ఎంచుకొనెనని చెప్పుదురు. మనుష్యుల సంకోచమును గూర్చి బొమ్మల వ్యాపారి చేసిన ఊహ తెలివైనదే. అయితే అసలు సంకోచము పెదవులకడ కాక మరికొంచెము దిగువన ఉన్నదని లెక్కలతో తేలుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టినది.

దాదాపు ఆ సంవత్సరములలోనే అమెరికాలోని బాల్టిమోరు నగరమున, జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో, మరియొక సంగతి బయటపడినది. విద్యుత్ శాస్త్రజ్ఞుడగు విలియం కౌవెన్‌హోవెన్, ఆయన శిష్యుడు గై నికర్‌బాకర్ కుక్కలపై ప్రయోగములు చేయుచుండిరి. లయ తప్పిన గుండెకు విద్యుత్తు నిచ్చుటకై బరువైన పలకలను ఛాతీపై అదిమిన క్షణమున, విద్యుత్తు ఇంకను ప్రసరింపకముందే, రక్తపుపోటు పైకి లేచుట నికర్‌బాకర్ కనిపెట్టెను. అనగా పైనుండి నొక్కినచో లోపలి గుండె పిండబడి రక్తము కదలుచున్నదన్నమాట. జేమ్స్ జూడ్ అను శస్త్రవైద్యుడు వారితో చేరెను. అంతవరకు గుండె ఆగినచో ఛాతీ కోసి, చేయి లోనికి పోనిచ్చి, గుండెను పిసుకుటయే వైద్యులెరిగిన మార్గము. 1959 జూలైలో, పిత్తాశయమునకు శస్త్రచికిత్స చేయబోవుచుండగా, మత్తుమందు వికటించి 35 సంవత్సరముల స్త్రీ కొకతెకు గుండె ఆగినది. జూడ్ కత్తి పట్టలేదు. ఆమె రొమ్ము ఎముకపై రెండు చేతులుంచి నొక్కెను. నాడి తిరిగి వచ్చినది. తరువాత శస్త్రచికిత్సయు జరిగి ఆమె పూర్తిగా కోలుకొనెను. మరుసటి సంవత్సరము జూలైలో ఆ ముగ్గురును తమ ఫలితములను ప్రకటించిరి. 20 మంది రోగులలో 14 మంది బ్రతికిరి. యంత్రములు అక్కరలేదు, రెండు చేతులు చాలునని లోకమునకు తెలిసినది. ఆనీ బొమ్మ ఛాతీలో వెంటనే ఒక స్ప్రింగు చేరినది.

ఇట్లు ఈ విద్యకు బొమ్మ ముఖము ఒక స్త్రీది. చేతులతో ఛాతీని నొక్కు ఈ పద్ధతిలో వారు బ్రతికించిన మొదటి ప్రాణమును ఒక స్త్రీదే. ఆ తరువాతి కథ వేరు.

ముందుగా ఒక భేదమును స్పష్టము చేయవలసి యున్నది. గుండెపోటు వేరు, గుండె ఆగుట వేరు. గుండె కండరమునకు రక్తము కొనిపోవు నాళము మూసికొనిపోయినచో గుండెపోటు. రోగి నొప్పితో బాధపడుచున్నను తెలివితో నుండవచ్చును. గుండె లయ తప్పి కొట్టుకొనుట మానినచో రోగి కూలిపోవును, పిలిచిన పలుకడు, ఊపిరి ఆడదు. నాలుగైదు నిమిషములలో మెదడు చెడుట మొదలగును. అప్పుడు చేయు ఛాతీ అదుమునకే సి.పి.ఆర్. అని పేరు. ఏమియు చేయక గడచిన ప్రతి నిమిషమునకు బ్రతుకు అవకాశము నూటికి ఏడు మొదలు పదివరకు తగ్గిపోవునని లెక్క. అంబులెన్సు ఎంత వేగముగా వచ్చినను ఆ మొదటి నిమిషములు ప్రక్కనున్నవానివే గాని వైద్యునివి కావు.

ప్రక్కనున్నవారు ఏమి చేయుచున్నారు? అమెరికా, కెనడాలలో ఆసుపత్రి వెలుపల గుండె ఆగిన 19,000 మందికి పైగా వ్యక్తుల వివరములను పరిశోధకులు పరిశీలించి 2017, 2018లలో ఫలితములను వెల్లడించిరి. వీధులలో, దుకాణములలో, బహిరంగ ప్రదేశములలో కూలిన పురుషులలో నూటికి 45 మందికి ఎవరో యొకరు ముందుకు వచ్చి సి.పి.ఆర్. చేసిరి. స్త్రీలలో 39 మందికే ఆ భాగ్యము కలిగినది. అట్టి తావులలో పడిపోయిన పురుషులు ప్రాణముతో బయటపడు అవకాశము స్త్రీలకంటె 23 శాతము అధికముగా కనిపించినది. ఇందు ముఖ్యముగా గమనింపదగిన అంశము మరియొకటి కలదు. ఇంటిలో కూలినవారి విషయమున ఈ తేడా లేదు. పురుషులకు 36, స్త్రీలకు 35. భర్తయో కొడుకో కూతురో ఎదుట నున్నపుడు చేయి వెనుకాడలేదు. ఎదుటనున్నవాడు పరాయివాడైనపుడే వెనుకాడినది. కనుక లోపము స్త్రీ దేహములో లేదు, తెలివి లేకపోవుటలోను లేదు. చూచువాని మనస్సులోని జంకులో ఉన్నది.

ఆ జంకునకు కారణము లేమని అమెరికాలో జనసామాన్యమును ప్రశ్నించిన పరిశోధకులు కలరు. వారి ప్రశ్నలకు వచ్చిన సమాధానములు 2019లో వెలువడినవి. పరస్త్రీ ఛాతీపై చేయి వేసినచో తప్పు పట్టుదురేమో, చేయరాని పని చేసెనని నింద మోపుదురేమో యని కొందరు జంకిరి. ఆడువారి శరీరము సుకుమారము, ఎముకలు విరుగునేమో యని కొందరు భయపడిరి. ఆడువారికి గుండెజబ్బు అంతగా రాదు గదా, ఇది మూర్ఛ యేమో యని కొందరు భావింతురని తేలినది. ఈ మూడింటిలో మొదటిదానిని విని నవ్వరాదు. అది సభ్యతనుండి పుట్టిన భయమే. ఎముక విరుగుట నిజముగానే సంభవించును, పురుషులకును సంభవించును; విరిగిన ప్రక్కటెముక అతుకుకొనును. కాని మూడవది శుద్ధ అజ్ఞానము. ప్రపంచమున స్త్రీల మరణములకు గల కారణములలో గుండె, రక్తనాళముల వ్యాధులదే ప్రథమ స్థానము.

ఇక బొమ్మల సంగతి. ముఖము యువతిదైనను ఆనీ ఛాతీ చదునైనది. దాని తరువాత వచ్చిన బొమ్మలును అట్లే వచ్చినవి. 2023లో బజారున అమ్ముచున్న పెద్దవారి బొమ్మలను ఆస్ట్రేలియా పరిశోధకులు లెక్కించి చూడగా, 20 రకములలో 19 చదునైన ఛాతీ గలవే. ఒక్కదానికి మాత్రమే స్తనముల ఆకృతి కలదు. ఈ బొమ్మపై నూరుసార్లు సాధన చేసినవాడు వీధిలో నిజమైన స్త్రీ ఎదుట మోకరిల్లినపుడు, అతని చేతులకు అది తెలియని శరీరము. చదువుకొనని పాఠమునుండి ప్రశ్న వచ్చిన విద్యార్థివలె తడబడును. ఇచట తడబాటుకు వెల ప్రాణము.

బొమ్మలు చేయువారినే నిందించుట న్యాయము కాదు. మానవదేహమన్న పురుషదేహమే యని వైద్యశాస్త్రము చిరకాలముగా అనుకొనుచు వచ్చినది. చిన్న మోతాదులో ఆస్పిరిన్ తీసికొనుచున్నచో గుండెపోటు రాకుండునా యని అమెరికాలో జరిగిన ప్రసిద్ధ పరిశోధనలో పాల్గొన్న 22,071 మందియు వైద్యులే, అందరును పురుషులే. వారిలో గుండెపోట్లు 44 శాతము తగ్గినవని 1989లో ప్రకటించిరి. ఆడువారిపై అట్టి పరిశోధన ముగిసి ఫలితము వెలువడుటకు 2005 వరకు ఆగవలసి వచ్చినది. అందు 39,876 మంది స్త్రీలు పాల్గొనిరి. మోతాదు కొంత తక్కువ యన్నమాట నిజమే గాని, ఫలితము తలక్రిందులైనది. మొదటి గుండెపోటు వారిలో తగ్గలేదు. పక్షవాతము మాత్రము 17 శాతము తగ్గినది.

స్త్రీలను పరిశోధనలకు దూరముగా నుంచుటకు దురుద్దేశము కారణము కాదు. గర్భిణులు తీసికొనిన థాలిడోమైడ్ అను మందువలన వేలకొలది శిశువులు అవయవలోపములతో పుట్టిరి. 1961లో ఆ మందును ఉపసంహరించిరి. ఆ భయము మనస్సులలో నుండగా, అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1977లో, బిడ్డలు కలుగు వయస్సులోని స్త్రీలను మందుల తొలిదశ పరీక్షలలో చేర్చరాదని మార్గదర్శక సూత్రము చేసినది. అవివాహితలకును, భర్త శస్త్రచికిత్స చేయించుకొనిన వారికిని ఇది వర్తించినది. పరీక్షింపని మందును స్త్రీల కిచ్చుటవలన పుట్టిన ఉపద్రవమునకు, స్త్రీలపై మందులను పరీక్షింపకుండుటయే విరుగుడుగా నిర్ణయించిరన్నమాట! 1993లో ఆ సూత్రమును తొలగించిరి. ప్రభుత్వ ధనముతో జరుగు పరిశోధనలలో స్త్రీలను చేర్చి తీరవలెనని ఆ యేడే అక్కడ శాసనమైనది. జోల్పిడెమ్ అను నిద్రమాత్ర స్త్రీల రక్తములో తెల్లవారువరకు అధికముగా నిలిచియుండునని, ఉదయమున కారు నడపుటకు అది ప్రమాదమని గుర్తించి, వారి మోతాదును 10 మిల్లీగ్రాములనుండి 5కు తగ్గించుట 2013లో గాని జరుగలేదు. ఆ మాత్ర అప్పటికి ఇరువది యేండ్లుగా అమ్మకములో నున్నది.

అత్యవసర విభాగములో దీని ఫలమెట్లుండునో చూతము. 1991లో బెర్నడిన్ హీలీ అను హృద్రోగ వైద్యురాలు, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు అధిపతియైన తొలి మహిళ, ఒక వైద్యపత్రికలో సంపాదకీయము వ్రాసెను. అదే సంచికలో రెండు పరిశోధనలు వెలువడినవి. గుండెజబ్బుతో వచ్చిన స్త్రీలకు పురుషులకు జరుగునన్ని పరీక్షలు, చికిత్సలు జరుగుటలేదని వాని సారాంశము. ఐజాక్ బషెవిస్ సింగర్ కథలో యెంటల్ అను యూదు బాలిక వేదవిద్య చదువుటకై మగవేషము ధరించును. ఆసుపత్రిలో స్త్రీ పరిస్థితియు అట్లే యున్నదని, తన జబ్బు మగవాని జబ్బువంటిదేనని నిరూపించుకొనిన పిదపనే ఆమెకు తగిన వైద్యము లభించుచున్నదని హీలీ వ్రాసెను. ఆ స్థితికి ఆమె పెట్టిన యెంటల్ పేరు వైద్యగ్రంథములలో నిలిచిపోయినది.

గుండెపోటు లక్షణములను గూర్చి ఇటీవల ఒక పొరపాటు అభిప్రాయము వ్యాపించినది. స్త్రీలకు ఛాతీనొప్పి రాదని కొందరు చెప్పుచున్నారు. అది సరికాదు. ఇరువురిలోను ప్రధాన లక్షణము ఛాతీలో నొప్పి, బరువు, పట్టివేసినట్లుండుటయే. స్త్రీలలో దానితోపాటు ఆయాసము, వికారము, వీపునను దవడయందును నొప్పి, అంతులేని అలసట తరచుగా కానవచ్చును. ఈ తోడు లక్షణములను మాత్రమే పట్టించుకొని, ఇది అజీర్ణము, ఇది ఆందోళన యని పంపివేయుటలో ప్రమాదమున్నది. స్త్రీల నొప్పిని అసాధారణ లక్షణమని వ్రాయుట మానవలెనని అమెరికా హృద్రోగ సంఘములు 2021లో సూచించినవి. పురుషుని లక్షణమునే సాధారణమని అనుకొన్నపుడే గదా స్త్రీది అసాధారణమగుట!

రక్తపరీక్ష విషయము ఇంకను విచిత్రము. గుండె కండరము దెబ్బతిన్నపుడు ట్రోపోనిన్ అను మాంసకృత్తు రక్తములోనికి కారును. దాని పరిమాణమునుబట్టి గుండెపోటును నిర్ణయింతురు. ఆరోగ్యవంతురాలైన స్త్రీ రక్తములో అది సహజముగానే తక్కువ. అయినను హద్దు మాత్రము అందరికిని ఒకటే యుండెడిది. స్కాట్లండులో ఎడింబరో వైద్యులు సూక్ష్మమైన పరీక్షతో లీటరుకు స్త్రీలకు 16, పురుషులకు 34 నానోగ్రాములు హద్దుగా పెట్టి చూచిరి. ఛాతీనొప్పితో వచ్చిన స్త్రీలలో పాత లెక్కప్రకారము నూటికి 11 మందికి గుండెపోటని తేలగా, క్రొత్త లెక్కప్రకారము 22 మందికి తేలినది. పురుషులలో 19 కాస్త 21 అయినది. ఇది 2015నాటి మాట. అంతవరకు ఆ తక్కిన పదకొండుగురికి గుండెపోటు కాదనియే చెప్పియుందురు.

కథ ఇచటితో సుఖాంతము కాలేదు. ఆ హద్దులనే స్కాట్లండులోని పలు ఆసుపత్రులలో అమలుపరచి చూడగా, క్రొత్తగా గుర్తింపబడిన వారిలో స్త్రీలు పురుషులకు అయిదింతలైరి. కాని వారికి జరిగిన చికిత్సలు పురుషులకు జరిగిన వానిలో దాదాపు సగమే. వారి ఆరోగ్యఫలితములును మెరుగుపడలేదు. ఈ సంగతి 2019లో ప్రకటితమైనది. రక్తము చెప్పిన మాటను కాగితముపై వ్రాసికొనిరి, మంచముకడ ఆచరింపలేదు. ట్రోపోనిన్ తేడా ప్రకృతి చేసినది. చికిత్సలోని తేడా మనుష్యులు చేసినది. మొదటిదానికి మందు ఒక క్రొత్త అంకె. రెండవదాని కది చాలదు.

ఫ్లోరిడా రాష్ట్రములో 1991 మొదలు 2010 వరకు గుండెపోటుతో చేరిన 5,80,000కు పైగా రోగుల లెక్కలను ముగ్గురు పరిశోధకులు పరిశీలించి 2018లో ప్రకటించిన విషయము ఈ సందర్భమున చెప్పవలసినదే. పురుష వైద్యుని చేతిలో పడిన స్త్రీరోగులు బ్రతికిన పాళ్లు, వైద్యురాలి చేతిలో పడిన వారికంటె తక్కువ. అయితే ఆ విభాగములో వైద్యురాండ్రు ఎక్కువమంది యున్నచోట, స్త్రీరోగులను పురుష వైద్యుడు అదివరకు ఎక్కువగా చూచియున్నచోట, ఆ తేడా తగ్గుచు వచ్చినది. దీనినిబట్టి చూడగా ఇది పుట్టుకతో వచ్చిన లోపము కాదు. అభ్యాసము లేని లోపము. బొమ్మ విషయమున గూడ తేలినది ఇదియే గదా.

అభ్యాసమున్నచో చేయవలసినది చాల కొంచెము. స్త్రీకైనను పురుషునికైనను చేయి ఉంచవలసిన చోటు ఒక్కటే: ఛాతీ నడుమ, రొమ్ము ఎముక క్రింది సగము. స్త్రీలలో అది స్తనముల మధ్య నుండును. స్తనములపై నొక్కుట ఎన్నడును లేదు. మడమవంటి అరచేతి మొదటి భాగము నచట ఉంచి, రెండవ చేయి దానిపై వేసి, మోచేతులు వంచక, నిమిషమునకు 100 మొదలు 120 సార్లు, అయిదారు సెంటీమీటర్ల లోతున అదుమవలెను. చీర గాని, రవిక గాని, చున్నీ గాని తీయనక్కరలేదు. మెడలోని గొలుసును ప్రక్కకు నెట్టినచో చాలును. నోటితో ఊపిరి ఊదుట శిక్షణ లేనివారు మానవచ్చును. విద్యుత్ యంత్రము అందుబాటులోనికి వచ్చినపుడు మాత్రము దాని అంటుపలకలు ఒంటికి నేరుగా తగులవలెను గనుక అంతమేర బట్ట తొలగింపక తప్పదు; ఎడమ పలకను స్తనముపై గాక, చంక క్రింద ప్రక్కభాగమున అంటింపవలెను. అప్పుడు చుట్టునున్న స్త్రీలు నలుగురు చీరచెంగులు పట్టి మరుగు చేసినచో మర్యాదకు లోటు రాదు, పని ఆగదు.

నిందను గూర్చి భయపడువారు చట్టమును తెలిసికొనవలెను. సమ్మతి నీయలేని స్థితిలో నున్నవారి మేలుకొరకు సదుద్దేశముతో చేసిన పని, కొన్ని పరిమితులకు లోబడి, నేరము కాదని పూర్వపు భారత శిక్షాస్మృతిలో 92వ సెక్షను చెప్పెడిది. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో అదే విషయము 30వ సెక్షనుగా నున్నది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైన 108 అంబులెన్సు నేడు రెండు తెలుగు రాష్ట్రములలోను పలుకును. ఒకరు ఆ అంకె త్రిప్పుచుండగా మరియొకరు అదుముట మొదలుపెట్టవలెను. ఆ మరియొకరు మగపిల్లవాడే కావచ్చును.

ప్రథమచికిత్స నేర్పు పాఠశాలలలో సమస్య బొమ్మది. స్తనముల ఆకృతి గల బొమ్మ దొరకుట అరుదని ఇంతకుముందే చూచితిమి. 2019లో న్యూయార్కులో కొందరు దీనికి సులభోపాయము కనిపెట్టిరి. చదునైన బొమ్మకు తొడుగుటకు స్తనముల ఆకృతి గల గుడ్డ తొడుగు నొకదానిని తయారుచేసి, ఎవరైనను కుట్టుకొనుటకు వీలుగా దాని నమూనాను అందరికిని ఉచితముగా విడిచిపెట్టిరి. కావలసినది మీటరు గుడ్డ, గుప్పెడు దూది, సూది, దారము. కుట్టుపాఠమున్న పాఠశాలలో అది ఒక పూట పని. ఆ తొడుగు వేసిన బొమ్మపై రవిక తొడిగి, చీర కప్పి, మగపిల్లలను ఆడపిల్లలను ఒకే వరుసలో నిలువబెట్టి ఒక్కొక్కరిచేత అదిమించినచో, మొదట వెనుక బెంచీలో కిసకిసలు వినవచ్చును. నిమిషమునకు నూరు చొప్పున రెండు నిమిషములు అదుమునప్పటికి నుదుట చెమట పట్టును, చేతులు నొప్పి పుట్టును, అప్పుడు కిసకిసలకు ఊపిరి మిగులదు.